ఫార్వర్డ్ నొక్కే ముందు: వాట్సాప్‌లో వచ్చిన ఫొటో, వీడియో, వార్త నిజమో కాదో తేల్చుకోవడం ఎలా?

"ఇది నిజమేనా, కాస్త చూసి చెప్పండి" అన్న ఒక్క వాక్యంతో, దానికి తగిలించిన ఒక ఫొటోతో నాకు వారానికి నాలుగైదు సందేశాలు వస్తుంటాయి. అడిగేవారిలో పెద్దమ్మ ఉంటుంది, పాత సహోద్యోగులు ఉంటారు, ఎన్నికలు దగ్గర పడితే ఏళ్ల తరబడి పలకరించని వాళ్లు కూడా ఉంటారు. ఒక్కొక్కరికీ విడివిడిగా జవాబు రాయడం కంటే, నేను ఇటువంటివాటిని ఏ వరుసలో పరిశీలిస్తానో ఒకచోట రాసిపెడితే ఎవరికి వారే చూసుకోగలరని ఇది రాస్తున్నాను. ఇందులో కంప్యూటర్ చదువు అవసరమైనది ఏదీ లేదు.

పని మొదలుపెట్టే ముందు ఒక్క విషయం గుర్తుంచుకోండి. నా దగ్గరకు వచ్చిన తప్పుడు సందేశాల్లో పూర్తిగా కల్పించిన ఫొటోలు తక్కువ. ఫొటో నిజమైనదే అయి, దాని కింద రాసిన మాట మాత్రం అబద్ధమైనవే ఎక్కువ. పదేళ్ల కిందటి వరద నిన్నటిదవుతుంది, ఒక దేశంలో జరిగిన ఊరేగింపు మరో దేశానిదవుతుంది, సినిమా చిత్రీకరణలో తీసిన దృశ్యం అల్లర్లదవుతుంది. అందుచేత మీరు వేసుకోవలసిన ప్రశ్న "ఈ ఫొటో అసలుదేనా?" అన్నది కాదు, "ఈ మాట ఈ ఫొటోదేనా?" అన్నది.

కావలసినవి

ఇంటర్నెట్ ఉన్న ఫోన్, అందులో గూగుల్ యాప్ లేదా గూగుల్ లెన్స్ (మాటలతో కాక ఫొటోతో వెతికే పరికరం), ఒక బ్రౌజర్, ఐదు నిమిషాల సమయం. కంప్యూటర్ ఉంటే వీడియోల పని తేలికవుతుంది కానీ తప్పనిసరి కాదు. రాసుకోవడానికి ఒక కాగితం దగ్గర పెట్టుకోండి. ఆ కాగితం ఎందుకో రెండో మెట్టులో తెలుస్తుంది.

1. సందేశం పైనున్న బాణం గుర్తు చూడండి

వాట్సాప్‌లో ఎవరో పంపినదాన్ని మరొకరు అలాగే పంపితే, పైన ఒక చిన్న బాణంతో "ఫార్వర్డెడ్" అన్న మాట కనిపిస్తుంది. ఈ గుర్తు 2018లో వచ్చింది. జంట బాణాలు కనిపిస్తే ఆ సందేశం మొదట పంపినవారి నుంచి కనీసం ఐదు చేతులు మారి మీ దాకా వచ్చిందని అర్థం; అటువంటిదాన్ని 2020 ఏప్రిల్ నుంచి ఒకసారికి ఒక్క చాట్‌కు మించి పంపనివ్వడం లేదు. జంట బాణాలు ఉన్నంత మాత్రాన సందేశం అబద్ధమని తేలదు. దాన్ని మీకు పంపిన బాబాయికి అది ఎక్కడ పుట్టిందో తెలియదన్న సంగతి మాత్రం రూఢి అవుతుంది, కాబట్టి "మా బాబాయి అబద్ధం చెప్పడు" అన్న నమ్మకాన్ని ఇక్కడికి తేకండి. బాబాయి అబద్ధం చెప్పలేదు, చేతికి వచ్చినదాన్ని చేతికి అందించాడంతే.

హెచ్చరిక: బాణం లేకపోతే నిజమని అనుకోకండి. ఫొటోను గ్యాలరీలో దాచుకుని మళ్లీ పంపినా, మాటలను కాపీ చేసి అతికించినా ఆ గుర్తు పోతుంది.

2. సందేశాన్ని ఒక్క వాక్యానికి కుదించి కాగితం మీద రాయండి

ఎక్కువమంది దాటవేసేది ఈ మెట్టునే. ఫార్వర్డ్ సందేశం సాధారణంగా ఒక చిన్న సమాచారానికి బోలెడంత ఆవేశం చుట్టి వస్తుంది. "సిగ్గుచేటు! చూడండి మన నాయకుల తీరు! నిన్న ఆసుపత్రి వరండాలో నీళ్లలో పడుకున్న రోగులు! మీడియా చూపించదు! అందరికీ పంపండి!" అన్న సందేశంలో పరిశీలించదగినది ఎంత ఉంది? నాయకుల తీరు సిగ్గుచేటో కాదో అన్నది అభిప్రాయం. దాన్ని ఏ లెన్సూ తేల్చలేదు, తేల్చనవసరం కూడా లేదు. "మీడియా చూపించదు" అన్నది పరిశీలించకుండా మిమ్మల్ని ఆపడానికి వేసిన గడియ. మిగిలింది ఒకటే: ఫలానా ఆసుపత్రిలో, నిన్న, రోగులు నీళ్లలో పడుకున్నారు. దాన్నే కాగితం మీద రాసి, ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఏమిటి అన్న నాలుగింటి కింద గీతలు గీయండి. ఏ ఆసుపత్రో సందేశంలో లేకపోతే ఆ చోట ఖాళీ వదిలేయండి. ఖాళీలు రెండు దాటిన సందేశంతో నేను పెద్దగా కుస్తీ పట్టను; అందులో తేల్చడానికే ఏమీ లేదు, పంపడానికి అంతకంటే లేదు.

3. ఫొటో పుట్టుపూర్వోత్తరాలు వెతకండి

అ) ఫొటోను తెరిచి, చుట్టూ ఉన్న రంగుల చట్రాన్నీ, మీద రాసిన అక్షరాలనూ కత్తిరించి, అసలు దృశ్యం మాత్రమే మిగిలేలా స్క్రీన్‌షాట్ తీసుకోండి. చట్రంతో సహా వెతికితే అదే చట్రంతో తిరుగుతున్న మిగతా ఫార్వర్డ్‌లే దొరుకుతాయి.

ఆ) గూగుల్ యాప్‌లో వెతికే పెట్టె పక్కనున్న కెమెరా గుర్తు నొక్కి, ఆ స్క్రీన్‌షాట్‌ను ఇవ్వండి. మొదట పోలికలు ఉన్న ఫొటోలు వస్తాయి, వాటితో మోసపోకండి. అచ్చంగా అదే ఫొటో ఉన్న పేజీలను విడిగా చూపే "ఎగ్జాక్ట్ మ్యాచెస్" విభాగం కనిపిస్తే దాన్ని తెరవండి.

ఇ) వచ్చిన పేజీల్లో అన్నిటికంటే పాత తేదీ ఉన్నదాన్ని పట్టుకోండి. సందేశం "నిన్న జరిగింది" అంటుండగా అదే ఫొటో ఆరేళ్ల కిందటి పేజీలో దొరికితే మీ పని అయిపోయినట్టే. ఫలితాలు మరీ ఎక్కువగా ఉంటే టిన్‌ఐ (TinEye) అనే వెబ్‌సైటులో అదే ఫొటో ఇవ్వండి. 2008 నుంచి నడుస్తున్న ఈ సైటులో ఫలితాలను పాతవి ముందు వచ్చేలా అమర్చుకోవచ్చు.

ఈ) గూగుల్‌లో ఏమీ దొరకకపోతే బింగ్‌లోనూ, యాండెక్స్‌లోనూ ప్రయత్నించండి. ఒకదానికి కనిపించనిది మరొకదానికి కనిపించడం నాకు చాలాసార్లు అనుభవమైంది.

ఉ) అప్పటికీ దొరకకపోతే ఫొటోను అద్దంలో చూసినట్టు కుడి ఎడమలు తిప్పి మళ్లీ వెతకండి. వెతుకులాటకు చిక్కకుండా ఫొటోలను తిప్పి పంపేవాళ్లు ఉన్నారు. తిప్పిన ఫొటోలో దుకాణాల బోర్డుల మీద అక్షరాలు తిరగబడి ఉండటం, చొక్కా గుండీలు అటువైపు ఉండాల్సినవి ఇటువైపు ఉండటం గమనించవచ్చు.

ఈ మెట్టు ఎంత పని చేస్తుందో చెప్పడానికి వరద నీళ్లలో ఈదే షార్కు కంటే మంచి ఉదాహరణ లేదు. నీట మునిగిన రోడ్డు మీద కారు కిటికీ పక్కగా షార్కు వెళుతున్నట్టున్న ఫొటో 2011లో ఐరీన్ తుపాను సమయంలో ప్యూర్టో రికోదంటూ బయలుదేరింది. 2017లో హార్వీ తుపానుకు అదే ఫొటో టెక్సస్‌లోని హ్యూస్టన్‌దయింది. ఆ షార్కు అసలు దక్షిణాఫ్రికా సముద్రంలోది. ఒక చిన్న పడవ వెనుక వస్తుండగా తీసిన ఆ ఫొటో 2005లోనే పత్రికలో అచ్చయింది. దాన్ని కత్తిరించి వరద నీళ్లలో అతికించారు. అయితే కథ అక్కడితో ఆగలేదు. 2022 సెప్టెంబరులో ఇయాన్ తుపాను వచ్చినప్పుడు ఫ్లోరిడాలోని ఫోర్ట్ మయర్స్‌లో ఒక ఇంటి పెరటి నీళ్లలో షార్కులా ఉన్న పెద్ద చేప కొట్టుకుంటున్న వీడియో వచ్చింది. చాలామంది "మళ్లీ ఆ పాత షార్కే" అనుకున్నారు. పరిశీలిస్తే ఆ వీడియో నిజంగా అక్కడ, ఆ రోజు తీసినదేనని తేలింది. "ఇటువంటివన్నీ అబద్ధాలే" అని చూడకుండానే కొట్టిపారేయడం కూడా పరిశీలించకపోవడమే.

హెచ్చరిక: ఫొటో తీసిన తేదీ, స్థలం ఫైలు లోపల దాగి ఉంటాయనీ, వాటిని చదివే యాప్‌లు ఉన్నాయనీ చాలామంది చెబుతారు. మాట నిజమే కానీ వాట్సాప్ ఫొటోను మామూలుగా పంపినప్పుడు ఆ వివరాలను తొలగిస్తుంది. ఫార్వర్డ్ ఫొటోల మీద ఆ యాప్‌లతో సమయం వృథా చేసుకోకండి.

4. ఫొటో లోపలికి చూడండి

వెతుకులాటలో ఏమీ దొరకనప్పుడు ఫొటోను పెద్దది చేసి మూలలు చూడండి. మధ్యలో ఉన్నది మీ కంటికి చూపించడానికి పెట్టింది. మూలల్లో ఉన్నది దాచడం మరిచిపోయింది. బోర్డుల మీద భాష ఏమిటి, వాహనాలు రోడ్డుకు ఏ పక్క నడుస్తున్నాయి, నంబర్ ప్లేట్లు ఏ రంగు, పోలీసుల యూనిఫాం ఎక్కడిది, జనం వేసుకున్న బట్టలు సందేశంలో చెప్పిన నెలకు సరిపోతాయా?

ఒకసారి మా కుటుంబ గ్రూపులో ఒక పార్టీ సభకు నిన్న వచ్చిన జనమంటూ తల వేస్తే రాలనంత కిక్కిరిసిన మైదానం ఫొటో వచ్చింది. లెన్స్‌లో ఏమీ దొరకలేదు. పెద్దది చేసి చూస్తే కింది ఎడమ మూలలో ఒక కుర్రవాడు చేత్తో పట్టుకున్న ఫోన్‌కు తెర కింద అంకెల మీటలు ఉన్నాయి. అతని వెనుక మరో ముగ్గురి చేతుల్లోనూ అటువంటివే. అన్ని వేల మందిలో ఫొటో తీయడానికి ఫోన్ పైకెత్తినవాడు ఒక్కడూ లేడు. ఈ రోజుల్లో సభ అంటే జనం తలల కంటే ఎత్తిన ఫోన్లే ముందు కనిపిస్తాయి. అది ఏ సంవత్సరపు ఫొటోయో నేను చెప్పలేకపోయాను కానీ నిన్నటిది కాదని చెప్పడానికి ఆ మూల చాలింది.

ఏఐతో తయారు చేసిన చిత్రాల విషయంలో మీరు విని ఉండే చిట్కాల్లో చాలావరకు పాతబడ్డాయి. చేతికి ఆరు వేళ్లు, చెవి కిందికి జారడం వంటి తప్పులు కొత్త పరికరాలు ఇప్పుడు అంతగా చేయడం లేదు. 2023 మార్చిలో పోప్ ఫ్రాన్సిస్ తెల్లటి ఉబ్బెత్తు జాకెట్టు వేసుకున్నట్టున్న ఏఐ చిత్రాన్ని చాలామంది నమ్మారు. వేళ్లు లెక్కపెట్టమన్న చిట్కా అప్పటికే తిరుగుతోంది. వేళ్లకంటే నమ్మదగిన పరీక్ష రెండో కెమెరా. 2023 మే 22న అమెరికా రక్షణ శాఖ ప్రధాన కార్యాలయమైన పెంటగాన్ దగ్గర పేలుడంటూ ఒక చిత్రం వ్యాపించి స్టాక్ మార్కెట్టును కొన్ని నిమిషాలు కిందికి లాగింది. అంత పెద్ద భవనం దగ్గర, పట్టపగలు, నిజంగా పొగ లేస్తే వందల ఫోన్లు వంద దిక్కుల నుంచి తీసి ఉండేవి. ఉన్నది మాత్రం ఒకే కోణంలో ఒకే చిత్రం. కాసేపట్లోనే స్థానిక అగ్నిమాపక శాఖ అటువంటిదేమీ జరగలేదని ప్రకటించింది. పదిమంది ఉన్నచోట జరిగిందన్న ఏ సంఘటనకైనా రెండో కోణం కోసం వెతకండి, దొరకకపోతే ఆగండి.

5. వీడియో అయితే ముక్కలు చేయండి

వీడియోను నేరుగా వెతకడం కష్టం కాబట్టి, దృశ్యం మారిన ప్రతిచోటా ఆపి నాలుగైదు స్క్రీన్‌షాట్‌లు తీసుకుని, వాటిని మూడో మెట్టులో చెప్పినట్టు వెతకండి. ముఖాలకంటే భవనాలు, విగ్రహాలు, వంతెనలు ఉన్న దృశ్యాలు మంచి ఫలితాలు ఇస్తాయి. కంప్యూటర్ ఉన్నవారు బ్రౌజర్‌లో ఇన్‌విడ్ (InVID) అనే ఉచిత పొడిగింపును (ఎక్స్‌టెన్షన్) పెట్టుకుంటే, అది వీడియోను తనంతట తానే ముక్కలు చేస్తుంది, ఆ ముక్కలను అక్కడి నుంచే వెతకవచ్చు.

నాయకుల ప్రసంగాలకు మరో రెండు పరీక్షలు అవసరం. మొదటిది, పూర్తి ప్రసంగం వెతికి, మీకు వచ్చిన ముక్కకు ముందు అర నిమిషం, తర్వాత అర నిమిషం వినండి. "వాళ్లు ఇలా అంటున్నారు" అని ఎదుటి పక్షం మాటలను ఎత్తిచూపి ఖండించిన నాయకుడి చేతే, ముందు వెనుకలు కోసేసి, ఆ మాటలు అనిపించడం ఇంకా చెల్లుతూనే ఉన్న పాత ఎత్తు. రెండోది వేగం. 2019 మేలో అమెరికా ప్రతినిధుల సభ స్పీకర్ నాన్సీ పెలోసి మత్తులో మాట తడబడుతున్నట్టున్న వీడియో ఒకటి వ్యాపించింది. అందులో ఏఐ లేదు, మాయ లేదు; అసలు వీడియో వేగాన్ని సుమారు 75 శాతానికి తగ్గించారు, అంతే. అనుమానం వస్తే వెనుక నడిచేవాళ్ల అడుగులు, చేతుల కదలిక చూడండి. వక్త ఒక్కరే కాక చుట్టూ ఉన్న లోకమంతా నీళ్లలో నడుస్తున్నట్టు కనిపిస్తే వేగం మార్చినట్టే.

6. ఆడియో అయితే ఆగడమే పద్ధతి

నిజం చెప్పాలంటే ఇంట్లో కూర్చుని ఒక గొంతు అసలుదో నకిలీదో తేల్చే నమ్మకమైన మార్గం సామాన్యులకు లేదు. ఫొటోకు ఉన్నట్టు దానికి మూలలు ఉండవు. 2023 సెప్టెంబరులో స్లొవేకియా ఎన్నికలకు రెండు రోజుల ముందు, ప్రచారం మీద నిషేధం మొదలైన సమయంలో, పోటీలో ఉన్న ఒక పార్టీ నాయకుడు ఓట్ల రిగ్గింగు గురించి ఒక విలేకరితో మాట్లాడుతున్నట్టు ఆడియో బయటికి వచ్చింది. ఇద్దరూ అది నకిలీదని చెప్పారు. 2024 జనవరిలో అమెరికాలోని న్యూ హ్యాంప్‌షైర్ ఓటర్లకు అధ్యక్షుడు బైడెన్ గొంతుతో, ప్రైమరీలో (పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో) ఓటు వేయవద్దంటూ ఫోన్లు వచ్చాయి. అది ఏఐ గొంతని తేలింది. రెండూ సరిగ్గా పరిశీలనకు సమయం లేని ఘడియలోనే వచ్చాయన్నది గమనించండి. పోలింగుకు మూడు రోజుల ముందు నుంచి వచ్చే ఏ ఆడియోనూ నేను ఎవరికీ పంపను. నిజం నిలకడ మీద తెలుస్తుందన్న మాట పాతదే కానీ ఆడియోకు అంతకంటే మంచి పరికరం ఇంకా రాలేదు.

ఇదే కిటుకుతో ఇంటివాళ్ల గొంతుతో డబ్బు అడిగే ఫోన్లు కూడా వస్తున్నాయి. ఆ ఫోన్ పెట్టేసి, మీ దగ్గర ముందునుంచీ ఉన్న నంబరుకు మీరే తిరిగి చేయండి.

7. వార్త, లింకు, ఉత్తర్వు, స్క్రీన్‌షాట్

లింకు అయితే, నొక్కకముందే చిరునామా చదవండి. మొదట్లో ఉండే రెండు ఏటవాలు గీతలను వదిలేసి, ఆ తర్వాత వచ్చే మొదటి ఏటవాలు గీత దగ్గర ఆగి, అక్కడి నుంచి వెనక్కి, అంటే కుడి నుంచి ఎడమకు చదవండి. సైటు అసలు యజమాని పేరు ఆ గీత పక్కన, .com, .in వంటి తోకకు సరిగ్గా ముందు ఉంటుంది. దానికి ఎడమవైపు ఎంత పేరున్న బ్యాంకు పేరు, ప్రభుత్వ శాఖ పేరు ఉన్నా అది అలంకారమే. కుదించిన లింకు అయితే యజమాని ఎవరో కనిపించదు కాబట్టి దాన్ని వదిలేసి, ఆ సంస్థ సైటుకు మీరే వెళ్లి చూడండి.

వార్త స్క్రీన్‌షాట్ అయితే, ఆ పత్రిక లేదా చానల్ సైటులో అదే శీర్షిక కోసం వెతకండి. బ్రౌజర్‌లో ఏ పేజీలోని మాటలనైనా మార్చి స్క్రీన్‌షాట్ తీయడం అర నిమిషం పని. అందుకని స్క్రీన్‌షాట్‌ను సాక్ష్యంగా ఎప్పుడూ తీసుకోకండి, ఆచూకీగా మాత్రమే తీసుకోండి. "వాళ్లు ఆ పోస్టు తొలగించారు" అని ఎవరైనా అంటే ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో ఆ పేజీ చిరునామా ఇచ్చి చూడండి. అది 2001 నుంచి అందరికీ అందుబాటులో ఉంది, తొలగించిన పేజీల పాత ప్రతులు అందులో తరచుగా దొరుకుతాయి. అందులో దొరకనంత మాత్రాన ఆ పోస్టు ఎప్పుడూ లేదని మాత్రం చెప్పలేము.

ఉత్తర్వు కాపీ అయితే సంఖ్య, తేదీ, సంతకం చేసినవారి హోదా చూసి, ఆ శాఖ అధికారిక సైటులో ఆ సంఖ్యతో వెతకండి. ఎన్నికల తేదీ మారిందనో, ఓటు వేయడానికి కొత్త పత్రం కావాలనో వచ్చే సందేశాలకు ఎన్నికలు నిర్వహించే సంస్థ సైటు తప్ప మరో ఆధారం పనికిరాదు.

వాట్సాప్ గురించే వాట్సాప్‌లో వచ్చే సందేశాలు ఒక ప్రత్యేక జాతి. మూడు నీలి టిక్కులు పడితే ప్రభుత్వం మీ సందేశాన్ని చదివినట్టన్నది ఏళ్లుగా తిరుగుతోంది. టిక్కులు మూడు ఉండవు: ఒకటి వెళ్లినట్టు, రెండు చేరినట్టు, రెండూ నీలమైతే చదివినట్టు. పదిమందికి పంపకపోతే ఖాతా మూసేస్తారన్నది అంతకంటే ముసలిది.

8. అంకెలు

ఎవరు లెక్కించారు, ఎప్పటి నుంచి ఎప్పటి వరకు, ఎంతమందిలో? ఈ మూడింటికి జవాబు లేని శాతాన్ని పక్కన పెట్టండి. "రెట్టింపు అయింది" అన్న చోట ఎంత నుంచి ఎంతకు అని అడగండి. రెండు నుంచి నాలుగు కావడం కూడా రెట్టింపే.

9. ఇంటి చిట్కాలను తేలికగా తీసుకోకండి

రాజకీయ సందేశాన్ని పరిశీలించేవారు కూడా శుభ్రత చిట్కాను చూడగానే పంపేస్తారు, "పోయేదేముంది" అనుకుని. పోయేది ఉంది. తప్పుడు రాజకీయ వార్త మన అభిప్రాయాన్ని చెడగొడితే, తప్పుడు చిట్కా అదే సాయంత్రం ఊపిరితిత్తులను చెడగొట్టగలదు. బాత్రూమ్ మెరవాలంటే బ్లీచులో టాయిలెట్ క్లీనర్ కలిపి పోయమన్న సందేశాన్ని నేను నా కళ్లతో చూశాను. బ్లీచు ఆమ్లంతో కలిస్తే క్లోరిన్ వాయువు వెలువడుతుంది. చాలా టాయిలెట్ క్లీనర్లలో ఉండేది ఆమ్లమే, వెనిగర్ కూడా ఆమ్లమే. బ్లీచు అమ్మోనియాతో కలిస్తే క్లోరమిన్ అనే మరో విషవాయువు వస్తుంది. తలుపు మూసిన చిన్న గదిలో ఇది ప్రాణం మీదికి తెస్తుంది.

ఇటువంటివాటికి లెన్స్ అక్కర్లేదు. సీసా మీద సన్నని అక్షరాల్లో ముద్రించిన హెచ్చరిక చదవండి. చిట్కా దానికి విరుద్ధంగా ఉంటే హెచ్చరికదే పైచేయి. మందుల చిట్కా అయితే మీ వైద్యుడిని అడగండి. "ఒక పెద్ద డాక్టరు చెప్పారు" అని ఉండి, డాక్టరు పేరు లేకపోతే డాక్టరు లేడని లెక్క.

10. తీర్పు రాసి, దాన్ని పరీక్షించండి

రెండో మెట్టులో రాసిన వాక్యం కింద ఇప్పుడు మరో వాక్యం రాయండి: "ఈ ఫొటో ఫలానా సంవత్సరంలో ఫలానా చోట తీసినది, మొదట ఫలానావారు ప్రచురించారు." ఖాళీలన్నీ నిండి, అవి సందేశంతో సరిపోతే నిజం. నిండి, సరిపోకపోతే తప్పు. నిండకపోతే "తేలలేదు" అని రాయండి. ఈ మూడో తీర్పు రాయడానికి మొహమాట పడకండి. నా కాగితాల్లో మూడో వంతు అవే.

తీర్పు సరైనదో కాదో చూసుకోవడానికి మూడు పరీక్షలు చేయండి. మీరు ఆధారపడిన పేజీని మళ్లీ తెరిచి, అందులో ఉన్నది అచ్చంగా అదే ఫొటోనా, పోలిక ఉన్న మరోటా చూడండి. గూగుల్ వారి ఫ్యాక్ట్ చెక్ ఎక్స్‌ప్లోరర్‌లో ఆ విషయం వెతికి, నిజ నిర్ధారణ సంస్థలు ఏం తేల్చాయో చదవండి. శీర్షికతో ఆపకుండా వాళ్లు చూపిన ఆధారం దాకా వెళ్లండి. ఇక మూడోది నా మటుకు నాకు అన్నిటికంటే కష్టమైనది: సందేశంలోని పార్టీ పేరు తీసేసి ఎదుటి పార్టీ పేరు పెట్టి చదవండి. అప్పుడూ ఇంతే ఆధారంతో తృప్తి పడేవారా? పడరనిపిస్తే మూడో మెట్టుకు తిరిగి వెళ్లండి.

తరచుగా జరిగే పొరపాట్లు

సందేశంలోని మాటలనే గూగుల్‌లో కొట్టి, పాతిక పేజీలు కనిపించగానే "అంతటా ఉంది, నిజమే" అనుకోవడం అన్నిటికంటే సాధారణమైన పొరపాటు. ఆ పాతిక ఒకదాన్ని చూసి ఒకటి రాసుకున్నవి కావచ్చు. ప్రతి పేజీలో "అని ఫలానా పత్రిక తెలిపింది" అన్న మాట ఎటు చూపుతోందో అటు వెళ్లండి. పాతిక దారులూ ఒకే గుమ్మం దగ్గరకు చేరితే ఆధారం ఒక్కటే.

రెండోది, ఏఐ చాట్‌బాట్‌ను "ఇది నిజమా?" అని అడిగి దాని జవాబునే తీర్పుగా తీసుకోవడం. అది తెలియని విషయాన్ని కూడా తడబాటు లేకుండా చెబుతుంది, లేని లింకులు కూడా ఇవ్వగలదు. వెతకడానికి ఏ మాటలు వాడాలో అడగండి, బాగా చెబుతుంది. తీర్పు మాత్రం అడగకండి. ఏఐ చిత్రాలను కనిపెడతామనే సైటులకూ ఇదే వర్తిస్తుంది: అవి అసలు ఫొటోలను నకిలీవనీ, నకిలీలను అసలువనీ చెప్పడం నేను చూశాను.

నిజ నిర్ధారణ సంస్థలు ఏమీ రాయలేదు కాబట్టి నిజమే అనుకోవడం మరో పొరపాటు. వాళ్ల కంట పడని సందేశాలు రోజుకు ఎన్నో. ఇక వ్యంగ్య రచనలను వార్తలుగా పంపేవారికి ఒక చిన్న సలహా: ఆ సైటులో "మా గురించి" అన్న పేజీ చదవండి, చాలాసార్లు వాళ్లే ఒప్పుకుని ఉంటారు.

తప్పని తేలితే పంపినవారికి ఎలా చెప్పాలి

గ్రూపులో అందరి ముందూ చెప్పకండి. నేను మొదట్లో అలాగే చేసేవాణ్ని, "ఇది ఫేక్" అని ఎర్రటి గుర్తుతో సహా. దాని ఫలితంగా ఒక మామయ్య ఎనిమిది నెలలు నాతో మాట్లాడలేదు, ఫార్వర్డ్‌లు మాత్రం మానలేదు. ఇప్పుడు విడిగా, రెండు వాక్యాల్లో, లింకుతో రాస్తున్నాను: "బాబాయ్, మీరు పంపిన వరద ఫొటో నేనూ చూశాను. అది పాతదట, అసలుది ఇక్కడుంది, వీలైతే ఒకసారి చూడండి." తప్పు ఫొటోది, మనిషిది కాదన్నట్టు రాస్తే తొలగించడానికి వారికి దారి దొరుకుతుంది. బ్లీచు చిట్కా వంటి ప్రమాదకరమైన సందేశానికి మాత్రం ఈ మర్యాద వర్తించదు; దాన్ని వెంటనే గ్రూపులోనే ఖండించి, ఆ తర్వాత పంపినవారికి ఫోన్ చేసి క్షమాపణ చెప్పుకోండి.

తప్పుడు సందేశం మీరే పంపి ఉంటే

అందరి ఫోన్లలోంచీ తొలగించే అవకాశం పంపిన తర్వాత రెండు రోజులకు కాస్త పైబడి ఉంటుంది, ఆలోగా తొలగించండి. కానీ తొలగించి ఊరుకోకండి, ఎందుకంటే చూసినవాళ్లు చూసేశారు. "ఇందాక నేను పంపిన ఫొటో ఫలానా సంవత్సరానిది, చూసుకోకుండా పంపాను" అని ఒక్క వాక్యం రాయండి. ఆ ఫొటోను మళ్లీ జత చేయకండి; సవరణను వదిలేసి ఫొటోను మాత్రం ఇంకెవరో ముందుకు పంపుతారు. గడువు దాటిపోతే ఆ పాత సందేశాన్నే నొక్కి పట్టి దానికి జవాబుగా సవరణ రాయండి, ఏ ఫొటో గురించి చెబుతున్నారో చదివేవాళ్లకు తెలుస్తుంది. ఆ తర్వాత దాన్ని ఏయే గ్రూపులకు పంపారో గుర్తు తెచ్చుకుని, అన్నిచోట్లా అదే వాక్యాన్ని పెట్టండి.